మీ బ్లాగ్ ఓపెన్ కావడానికి టైం పడుతోందా? బరువంతా ఫొటోల్లోనే.. ఇలా తగ్గించుకోండి!

సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఎప్పుడు వదులుతారు? వడ్ల రేటు ఎంత నడుస్తోంది? నల్గొండ జిల్లా హాలియా చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి కబురు ఇప్పుడు ఫోన్‌లోనే చూస్తున్నారు. లోకల్ వార్తలు రాసే బ్లాగ్ లింక్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. నొక్కితే తెల్ల స్క్రీన్.. చక్రం తిరుగుతూనే ఉంటుంది. పొలం గట్టు మీద సిగ్నల్ ఒకటి రెండు గీతలే. కాసేపు చూసి వెనక్కి వచ్చేస్తారు. రాసినవాళ్ల కష్టం వృథా.. కావాల్సినవాళ్లకు కబురూ అందదు.

మొబైల్‌లో పేజీ 3 సెకన్లలోపు తెరుచుకోకపోతే 53 శాతం విజిట్లు అక్కడితోనే ఆగిపోతున్నాయని 2016లో గూగుల్ చెప్పింది. మరి తప్పంతా నెట్‌వర్క్‌దేనా? కాదు. చాలాసార్లు పేజీ బరువే అసలు సమస్య.

లెక్క చూస్తే షాకే!

కంప్యూటర్ లెక్కలో ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు 3 బైట్లు తీసుకుంటాయి. అయినా 600 పదాల వార్త మొత్తం కలిపి 15 కేబీ దాటడం కష్టం. అదే ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో 4 ఎంబీ ఉంటుంది. అంటే వార్త కంటే 250 రెట్లకు పైనే. సిగ్నల్ వీక్‌గా ఉండి 1 ఎంబీపీఎస్ స్పీడ్ వస్తోందనుకుందాం. సెకనుకు దిగేది 125 కేబీ మాత్రమే. ఆ ఒక్క ఫొటోకే 32 సెకన్లు! సాగర్ గేట్లు ఎత్తిన రోజు అలాంటివి నాలుగు పెడితే రెండు నిమిషాలు దాటుతుంది. అదే ఫొటోను 100 కేబీకి తగ్గిస్తే సెకను కూడా పట్టదు.

ఫొటోలు తగ్గించేదెలా?

12 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 4,000 పిక్సెల్స్ ఉంటుంది. చూసే ఫోన్ స్క్రీన్ వెడల్పు సాధారణంగా 720 లేదా 1,080 పిక్సెల్సే. మిగతాదంతా దండగ బరువు. అందుకే అప్‌లోడ్ చేసే ముందే వెడల్పు 1,200 పిక్సెల్స్‌కు తగ్గించండి. తర్వాత వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చండి. ఒకే క్వాలిటీలో జేపెగ్ కంటే ఇది పావు వంతుకు పైగా చిన్నదవుతుంది. గూగుల్ వాళ్ల స్క్వూష్ అనే ఉచిత సైట్‌లో ఈ రెండు పనులూ అవుతాయి.

ఇంకోటి.. లేజీ లోడింగ్. పాఠకుడు కిందికి జరిపినప్పుడే కింది ఫొటోలు దిగే పద్ధతి ఇది. వర్డ్‌ప్రెస్‌లో 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి దానంతటదే పనిచేస్తోంది. బ్లాగర్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి. అయితే పేజీ పైన కనిపించే మొదటి ఫొటోకు మాత్రం ఇది పెట్టొద్దు. పెడితే అదే లేటవుతుంది.

వీడియో పెట్టారా? జాగ్రత్త!

యూట్యూబ్ వీడియోను పేజీలో నేరుగా అతికిస్తే, ఎవరూ ప్లే నొక్కకముందే ప్లేయర్‌కు కావాల్సిన కోడ్ వందల కేబీలు దిగుతుంది. మూడు వీడియోలుంటే భారం ఇంకా పెరుగుతుంది. దానికి బదులు వీడియో థంబ్‌నెయిల్ ఫొటో పెట్టి, నొక్కితే వీడియో తెరుచుకునేలా లింక్ ఇవ్వండి. చూడాలనుకున్నవాళ్లే డేటా ఖర్చు పెట్టుకుంటారు.

ఫాంట్ మోజు తగ్గించుకోండి

ఇది తెలుగు బ్లాగులకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు.. ఇన్ని ఆకారాలు ఉండాలి కాబట్టి తెలుగు ఫాంట్ ఫైల్ ఇంగ్లిష్ దానికంటే బరువు. మందం మారితే మామూలుగా ఇంకో ఫైల్. ఆ ఫైల్ దిగేదాకా క్రోమ్ బ్రౌజర్ దాదాపు 3 సెకన్ల పాటు అక్షరాలే చూపించకుండా ఆపేయొచ్చు. ఇప్పటి ఆండ్రాయిడ్, ఐఫోన్లలో తెలుగు ఫాంట్ ముందే ఉంటోంది. వార్త మొత్తానికి అదే వాడండి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్ మీద మోజుంటే హెడ్డింగ్‌కు ఒక్కటి చాలు. ఫాంట్ డిస్‌ప్లే సెట్టింగ్‌ను 'స్వాప్'లో పెడితే ముందు ఫోన్ ఫాంట్‌లో అక్షరాలు కనిపిస్తాయి, తర్వాత మీ ఫాంట్ వస్తుంది.

గడియారాలు, కౌంటర్లు ఎందుకు?

విజిటర్ కౌంటర్, పరుగెత్తే అక్షరాలు, ఫేస్‌బుక్ పేజీ డబ్బా, అరడజను షేర్ బటన్లు.. వీటిలో చాలావరకు వేరే సర్వర్ నుంచి కోడ్ తెచ్చుకుంటాయి. ఆ సర్వర్ నిదానిస్తే మీ పేజీ కూడా నిదానిస్తుంది. వార్త చదవడానికి పనికిరానివి తీసేయండి. తీసే ముందు బ్యాకప్ మాత్రం తప్పనిసరి.

సర్వర్ ఎక్కడుంది?

బ్లాగర్ వాడేవాళ్లకు ఈ గొడవ లేదు, సర్వర్ల సంగతి గూగుల్ చూసుకుంటుంది. సొంత హోస్టింగ్ మీద వర్డ్‌ప్రెస్ నడిపేవాళ్లు రెండు పనులు చేయాలి. ఒకటి, క్యాష్ ప్లగిన్. ఇది లేకపోతే ఎవరు లింక్ నొక్కినా సర్వర్ పేజీని మొదటి నుంచి తయారు చేస్తుంది. ఉంటే ఒకసారి చేసిన పేజీనే అందరికీ పంపిస్తుంది. రెండోది, దూరం. సర్వర్ అమెరికాలో ఉంటే ఒక్కసారి అడిగి జవాబు తెచ్చుకోవడానికే సెకనులో ఐదో వంతు దాకా పోతుంది. ఒక్క పేజీకి ఇలా చాలాసార్లు తిరగాలి. ముంబై, హైదరాబాద్ డేటా సెంటర్లలో హోస్టింగ్ తీసుకోవచ్చు. లేదా క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్ పెట్టుకుంటే ఫొటోల లాంటి ఫైళ్లు దగ్గరి సర్వర్ నుంచి వస్తాయి.

చెక్ చేసుకోవడం ఇలా..

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ సైట్‌లో మీ బ్లాగ్ అడ్రస్ పేస్ట్ చేసి 'మొబైల్' ఫలితం చూడండి. 100 మార్కుల కోసం తంటాలు పడాల్సిన పనిలేదు. ఎల్‌సీపీ అనే అంకె ముఖ్యం. స్క్రీన్ మీద పెద్ద ఫొటో లేదా పేరా కనిపించడానికి పట్టే టైం అది. 2.5 సెకన్లలోపు ఉంటే మంచిదే.

అన్నీ ఒకేరోజు చేయక్కర్లేదు. ముందు ఫొటోలు, తర్వాత వీడియోలు, విడ్జెట్లు, ఆపైన ఫాంట్, సర్వర్. ఒక్కో మార్పు చేశాక మళ్లీ చెక్ చేస్తే దేనివల్ల ఎంత తగ్గిందో తెలుస్తుంది. చివరగా ఓ టెస్ట్.. వైఫై ఆపేసి, సిగ్నల్ సరిగా లేని చోట మీ బ్లాగ్‌ను మీరే ఓపెన్ చేసి చూడండి. మీ పాఠకులు చూస్తున్నది ఆ పేజీనే!