ఇషా తర్వాత ఇంటి అందం

హిమాయత్‌నగర్‌లో లిబర్టీ చౌరస్తా నుంచి నారాయణగూడ వైపు నడుస్తూ ఏ సందులోకి తిరిగినా ఇప్పుడు కనిపించేవి అపార్ట్‌మెంట్లే. వాటి నడుమ ఇరుక్కుని ఎక్కడో ఒకచోట ఒంటి అంతస్తు పాత ఇల్లు తగులుతుంది. మా దగ్గరి బంధువులు అలాంటి ఇంట్లోనే ఉంటారు. వాళ్ళ తాతగారు 1950లలో కట్టించిన ఇల్లది. వీధి వైపు సున్నం కొట్టిన గోడ, ఒక చెక్క తలుపు, తలుపు పైన చిన్న దీపం. దారిన పోయేవాడికి అంతకు మించి ఏమీ కనిపించదు. తలుపు తీసి లోపల అడుగుపెడితే ఎదురుగా మళ్ళీ గోడ. పక్కకు తిరిగితేనే సెహన్. షాబాదు బండలు పరచిన ముంగిలి, ఒక మూల నీళ్ళ హౌజు, గోడవార రాత్‌కీ రాణీ మొక్క, మూడు వైపులా గదులు.

కిందటి రంజాన్ పండుగ తర్వాత ఆ ఇంటి అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇద్దామనుకున్నారు. బిల్డర్ వచ్చి రంగుల పుస్తకం ఇచ్చివెళ్ళాడు. అందులో అయిదంతస్తుల భవనం, అదీ రాత్రిపూట బొమ్మ. తెల్లటి గోడలు, వరుసగా కమానులు, పైన ఎర్రపెంకుల చూరు, ప్రతి కమాను మీదికీ కింద నుంచి ఎగజిమ్మే బంగారు వెలుగు. 'మెడిటరేనియన్ ఎలివేషన్' అని దాని పేరు. కోడళ్ళకు నచ్చింది. పిల్లలకు మరీ నచ్చింది. ఎనభై దాటిన దాదీ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ బొమ్మను చాలాసేపు చూసి ఒకే మాట అడిగింది.

"ఇందులో సెహన్ ఏదిరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఆ బొమ్మను సరిగ్గా చదివింది ఆమె ఒక్కతే అనిపించింది.

మధ్యధరా సముద్రానికి ఒక ఒడ్డున స్పెయిన్, ఇటలీ, గ్రీసు. ఎదుటి ఒడ్డున మొరాకో, ట్యునీషియా, ఈజిప్టు. తూర్పున సిరియా, తుర్కీ. భాషలు వేరు, మతాలు వేరు, ఎండ మాత్రం ఒకటే. అందుకే ఇస్లాం రాక పూర్వమే అక్కడి గ్రీకులు, రోమన్లు ఇంటి నడుమ ఆకాశం కనిపించేలా ముంగిలి వదిలి చుట్టూ గదులు కట్టుకున్నారు. ముస్లింలు ఆ పద్ధతిని కాదనలేదు. దాన్ని పరదాకూ, పొరుగువారి హక్కులకూ తగినట్టు తీర్చిదిద్దారు. 711లో మొదలై 1492లో గ్రనాడాతో ముగిసిన ముస్లిం పాలన స్పెయిన్ ఇంటి మీద ఎంత ముద్ర వేసిందో తెలుసుకోవాలంటే అక్కడివారి ఇంటి మాటలు వింటే చాలు. గోడకు అతికే రంగు పలకను 'అసూలేహో' అంటారు. మేడ మీది డాబా 'అసొతేయా'. వీధి తలుపుకూ ముంగిలికీ మధ్య ఉండే నడవ 'సగువాన్'. మూడూ అరబీ నుంచి వెళ్ళిన మాటలే. ఇక ఆ ఎర్రపెంకును వాళ్ళు ఇప్పటికీ 'తేహా ఆరబె', అంటే అరబ్బు పెంకు అంటారు. బిల్డర్ పుస్తకంలో ఖరీదైన వస్తువుగా చూపిన ఆ పెంకు, మన పల్లెల్లో కుమ్మరి చేసే గూనపెంకుకు తోబుట్టువే!

మరి రాత్రి మాట? కార్డోబా, గ్రనాడా, ట్యునిస్ నగరాల పాత సందుల్లో రాత్రివేళ ఇంటి బయటి గోడ మీద వెలుగు ఉండదు. గోడ మసక వెన్నెల్లో తెల్లగా నిలబడి ఉంటుంది, అంతే. తలుపు దగ్గర ఒక దీపం. అది ఇంటి గొప్ప చూపడానికి కాదు, దారిన పోయేవాడి కాలికి రాయి తగలకుండా. అసలు వెలుగంతా లోపల ముంగిలిలో ఉంటుంది. గోడ పైనుంచి కొంత, జాలీ కన్నాల్లోంచి కొంత బయటికి చిందుతుంది. మల్లెపూల వాసన, నీళ్ళ చప్పుడు, ఎవరో నవ్విన సవ్వడి కూడా అలాగే వస్తాయి. ఆ ఇళ్ళ ముందు నిలబడినవాడి మనసు దోచేది ఈ చిందిన వెలుగే. లోపల ఏదో ఉందని తెలుస్తుంది, ఏముందో తెలియదు. కార్డోబావాసులు ఏటా మే నెలలో తమ ముంగిళ్ళ తలుపులు తీసి అందరినీ చూడనిస్తారు. 1921లో పోటీగా మొదలైన ఆ ఉత్సవాన్ని 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మిగిలిన రోజుల్లో తలుపులు మూసే ఉంటాయి కాబట్టే ఆ తలుపు తీయడం పండుగ అయింది.

ఆ ముంగిలి అందానికే కాదు, పనికీ వస్తుంది. పగలు కాగిన బండలు, కప్పులు చీకటి పడగానే తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి, ముంగిలిలోకి దిగుతుంది. అక్కణ్ణుంచి గదుల్లోకి పాకుతుంది. గోడలు మందంగా ఉంటే ఆ చల్లదనం మర్నాడు మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ (1900-1989) జీవితమంతా చెప్పింది ఈ సంగతే: పేదవాడి మట్టి ఇల్లయినా సరే, ముంగిలి ఉంటే చల్లగా ఉంటుందని. మా దాదీకి హసన్ ఫతీ ఎవరో తెలియదు. కాని యాభై ఏళ్ళుగా ఎండాకాలం అసర్ నమాజు కాగానే సెహన్ బండల మీద బిందెడు నీళ్ళు చల్లించి, ఇషా తర్వాత అక్కడే తఖ్త్ వేయించుకుని పడుకుంటోంది.

అసలు హిమాయత్‌నగర్‌కు మధ్యధరా గాలి కొత్తదా? ఈ పేటకు పేరిచ్చింది ఏడవ నిజాం పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్, అంటే ఆజం జాహ్. 1931 నవంబరులో ఆయన నికాహ్ జరిగింది మధ్యధరా ఒడ్డునే, ఫ్రాన్సులోని నీస్ నగరంలో. వధువు చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రె షెహ్వార్. ఆస్పత్రి పేరుగా మనందరికీ తెలిసిన నీలోఫర్‌కు, ఆజం జాహ్ తమ్ముడు మొఅజ్జమ్ జాహ్‌కు కూడా అక్కడే నికాహ్ అయింది. ఆజం జాహ్ నివసించిన భవనం పేరు సైతం ఇటాలియన్‌దే - బెల్లా విస్టా, 'అందమైన దృశ్యం' అని అర్థం. తర్వాతి కాలంలో అది అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ అయింది. అంతకంటే ముందే, 1906 నాటికి, బేగంపేటలో పైగా నవాబు వికారుల్ ఉమరా తలపెట్టిన మసీదు లేచింది. గుమ్మటాలకు బదులు కోసుగా పైకి లేచిన శిఖరాలు, లోపల కార్డోబా మసీదును తలపించే గుర్రపులాడం కమానులు. జనం దాన్ని స్పానిష్ మసీదు అని పిలుస్తున్నది అందుకే. అక్కడ మగ్రిబ్‌కు వెళ్ళి ఇషా దాకా కూర్చున్నవారికి నేను చెప్పనక్కరలేదు. కమాను కింద దీపం వెలిగినప్పుడు దాని వంపు వెనుక మరో వంపు, దాని వెనుక చీకటి. ఆ చీకటి కూడా కట్టడంలో భాగమే.

బిల్డర్ పుస్తకంలోని ఇల్లు మాత్రం ఈ దారిన రాలేదు. అది అమెరికా చుట్టి వచ్చింది. అందలుస్ ఇంటిని స్పెయిన్‌వారు మెక్సికోకు, కాలిఫోర్నియాకు తీసుకుపోయారు. 1925లో భూకంపంతో దెబ్బతిన్న సాంటా బార్బరా పట్టణాన్ని తెల్లగోడలు, ఎర్రపెంకులతో తిరిగి కట్టారు. అదే దశాబ్దంలో ఫ్లోరిడాలో ఆడిసన్ మిజ్నర్ అనే శిల్పి కోటీశ్వరులకు అలాంటి భవంతులు కట్టిపెట్టాడు. ఆ ప్రాంతాల్లో స్థిరపడిన మన పిల్లలు పంపే ఫొటోల వెనుక కనిపించే ఇళ్ళు అవే. వాటిని చూసి ఇక్కడ కమానూ, పెంకూ, దీపమూ తెచ్చుకున్నాం. ముంగిలిని వదిలేశాం. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో నడుమ ఆకాశం కనిపించే చోటు ఒక్కటే, స్నానాల గదుల పైపులు దిగే డక్టు. మన కాలపు సెహన్ అదేనేమో!

తెచ్చుకున్న వేషం కూడా మన వానకు నిలవదు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలం పొడి. మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేడిలోనే వాన. ఛజ్జా లేని తెల్లగోడ రెండు వర్షాకాలాలకే నల్లచారలు కట్టి నాచు పడుతుంది. సిమెంటు కప్పు మీద అలంకారానికి అతికించిన పెంకుల కింద నీరు నిలిచి గోడలోకి దిగుతుంది. ఈ శైలి కావాలనుకునేవారు కమానుల సంఖ్య తగ్గించుకుని ఆ డబ్బుతో మంచి ఛజ్జాలు పెట్టుకోవడం మేలు. గోడలకు ఎగజిమ్మే దీపాలైతే అసలు వద్దంటాను. తలుపు దగ్గర ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, చెట్టు మొదట్లో దాచిపెట్టింది ఒకటి చాలు. బల్బు డబ్బా మీద 2700 అనో 3000 అనో అంకె ఉంటే అది పాత దీపం రంగు పసుపు. 6500 అని ఉంటే ఆస్పత్రి తెలుపు. ఈ సంగతి చూసి కొనేవారు తక్కువ.

ఇంతవరకు చెప్పింది అభిరుచి సంగతి. కాని ఆ ఇంట్లో అసలు బాధ వేరే ఉంది.

దాదీ రెండేళ్ళుగా సెహన్‌లో పడుకోవడం లేదు. ఇంటికి రెండు పక్కలా అయిదేసి అంతస్తులు లేచాయి. వాటి బాల్కనీలన్నీ సరిగ్గా ఈ సెహన్ మీదికే చూస్తాయి. అక్కడివారు చెడ్డవారు కారు. పండుగకు సేమ్యా ఇస్తే తీసుకుంటారు, దీపావళికి మిఠాయి పంపుతారు. బట్టలారేయడానికి వచ్చినా, ఫోను మాట్లాడడానికి వచ్చినా చూపు కిందికే పడుతుంది, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? పైగా రాత్రంతా ఆ బాల్కనీ దీపాలు సెహన్‌లోకే కొడతాయి. చివరికి కొడుకులు సెహన్ పైన ఆకుపచ్చ వల కట్టారు. చూపు కొంత ఆగింది. గాలీ ఆగింది. చుక్కలు కనిపించడం మానేశాయి. ఇల్లు అమ్ముదామన్న మాట మొదలైంది ఆ వల కట్టాకే.

నూర్ అధ్యాయంలో ఇతరుల ఇళ్ళలోకి అనుమతి అడగకుండా, సలాం చేయకుండా పోవద్దన్న ఆదేశం మనందరికీ తెలుసు. అదే అధ్యాయం ఇంట్లోని పిల్లలూ సేవకులూ సైతం అనుమతి అడగవలసిన మూడు వేళలు చెప్పింది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రమించే వేళ, ఇషా తర్వాత. అడుగు విషయంలోనే ఇంత నియమం ఉంటే, చూపు మాటేమిటి? మధ్యధరా ఒడ్డున మాలికీ న్యాయపండితులు దీన్ని ఎంతో లోతుగా చర్చించారు. 14వ శతాబ్దంలో ట్యునిస్‌లో ఇబ్న్ అర్రామీ అనే తాపీమేస్త్రీ ఉండేవాడు. గోడల తగాదాలు వచ్చినప్పుడు ఖాజీలు అతన్ని పిలిపించి అభిప్రాయం అడిగేవారు. ఆ అనుభవంతో అతను కట్టడాల ధర్మాల మీద ఏకంగా గ్రంథమే రాశాడు. పొరుగింటి ముంగిలి కనిపించేలా కొత్త కిటికీ పెడితే మూయవలసిందే. సందులో ఒకరి తలుపుకు ఎదురుగా మరొకరు తలుపు పెట్టరాదు. మినార్ ఎక్కిన ముఅజ్జిన్‌కు ఇళ్ళు కనిపిస్తే ఏం చేయాలన్నది కూడా ఆ పండితుల చర్చల్లో ఉంది. ఆ తెల్లటి సందులు అంత ప్రశాంతంగా కనిపించడం వెనుక ఇన్ని తగాదాలు, ఇన్ని తీర్పులు ఉన్నాయి. బిల్డర్ల పుస్తకాల్లోకి కమాను వచ్చింది గాని ఈ తీర్పులు రాలేదు.

పాత ఇల్లంతా స్వర్గమని నేననను. వానాకాలం వంటింటి నుంచి గదికి కూర పట్టుకుని తడుస్తూ పరుగెత్తిన కోడళ్ళను అడిగితే తెలుస్తుంది. పైకప్పు కారుతోంది, మరమ్మతుకు డబ్బు లేదు, ముగ్గురన్నదమ్ములకు పెళ్ళీడు పిల్లలున్నారు. ఇల్లు పంచుకోక తప్పదు. దాదీ కూడా వద్దనడం లేదు.

ఆర్కిటెక్చర్ చదువుతున్న మనవడొకడు బిల్డర్ ప్లాను మీదే పెన్సిలుతో మరో ప్లాను గీశాడు. పై అంతస్తులో మూడో వంతు డాబాగా వదిలేయాలి. చుట్టూ నిలువెత్తు జాలీ గోడ, లోపలివారికి గాలి వచ్చేలా, పక్కవారికి చూపు అందకుండా. కింద పాత సెహన్‌లోని షాబాదు బండలే పీకి అక్కడ పరచాలి. భవనం ముందుగోడకు కమానులూ వద్దు, దీపాలూ వద్దు. మిగతా అంతస్తుల బాల్కనీలకు కూడా జాలీలు పెట్టాలి, ఎందుకంటే వెనుక సందులో ఇంకా రెండు పాత ఇళ్ళున్నాయి, వాటికీ ముంగిళ్ళున్నాయి. ఈ ఆఖరి సంగతి చెప్పినప్పుడు దాదీ మనవణ్ణి దగ్గరికి పిలిచి నుదురు ముద్దు పెట్టుకుంది.

బిల్డర్ ఒప్పుకోలేదు. పై అంతస్తులో చదరపు అడుగులు పోతాయన్నాడు, ముందు కమానులు లేకపోతే ఫ్లాట్లు అమ్ముడుపోవన్నాడు. పెద్దకొడుకు కూడా లెక్క వేసి లక్షలు పోతాయని తల పట్టుకున్నాడు. చిన్నకొడుకు అమ్మ వైపు. నడిపివాడు ఎటూ చెప్పడు.

కాగితం మీద ఇంకా సంతకాలు కాలేదు. వచ్చే శుక్రవారం జుమా తర్వాత మళ్ళీ వచ్చి కొలతలు చూసుకుంటానని బిల్డర్ కబురు పెట్టాడు. దాదీ తిరుగు కబురు పంపింది, పగలు కాదు, ఇషా తర్వాత రమ్మని. ఆ రోజుకు సెహన్ మీది వల తీసేయమని చిన్నకొడుకుతో చెప్పింది. బండల మీద నీళ్ళు చల్లించడం తన పని అంది.