ఊరి లిపి తెలిసిన లినక్స్

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి. కరీంనగర్‌లో అయినా ఆదిలాబాద్‌లో అయినా పదేళ్లు దాటిన కంప్యూటర్ ఈ గీత దాటడం కష్టం. పనిచేసే మిషన్‌ను పాత సామాను కింద అమ్మేయనక్కర్లేదు, పైసా ఖర్చు లేకుండా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవచ్చు. కేరళ సర్కారు బడులు ఏళ్లుగా ఆ దారిలోనే ఉన్నాయి. 2019లో అక్కడి కైట్ సంస్థ లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 18.04ను పిల్లల చదువుకు తగ్గట్టు మలిచి, రెండు లక్షలకు పైగా కంప్యూటర్ల కోసం సిద్ధం చేసింది.

లినక్స్ మామూలు మనిషికి నప్పుతుందా అంటే మాట వెంటనే మెనూల మీదికి, ప్రింటర్ మీదికి పోతుంది. అవీ ముఖ్యమే. కానీ మన దగ్గర ముందు అడగాల్సింది వేరే ఉంది: దీనికి నా లిపి వచ్చా?

‘స్త్రీ’ అని టైపు చేసి చూడండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఆరు మీటలు నొక్కాలి: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. మెమరీలో ఆరు సంకేతాలూ ఆ వరుసలోనే చేరతాయి. తెర మీద మాత్రం చివర కొట్టిన గుడిదీర్ఘం వెనక్కి వెళ్లి స నెత్తిన కూర్చోవాలి; త, ర వత్తులై కిందికి దిగాలి. లినక్స్‌లో ఈ కూర్పు చేసేది హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాం. ఏ రూపం ఎక్కడ వాలాలో దానికి చెప్పేవి ఫాంటులోని నియమాలు. ఒక్క నియమం తప్పినా అక్షరం విరిగిపోతుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను అందరికీ వదిలేయడం, స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగు చేయడం... ఇంత ఓపికైన శ్రమ మీద నిలిచింది ఈ సౌకర్యం.

పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీ షాపుల్లోని పాత ఫాంట్ల తీరు వేరు. అవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు ముక్కల బొమ్మలు తొడుగుతాయి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలే. ఆ ఫాంటు లేకుండా, ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లోకి మార్చుకోకుండా ఆ ఫైళ్లు లినక్స్‌లో పనికిరావు.

ఆదిలాబాద్‌లో ప్రశ్న ఇంకా లోతైనది. నార్నూర్ మండలం గుంజాలలో, గోండి భాషకు సొంతమైన లిపిలో రాసిన డజను దాకా ప్రతులను హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన జయధీర్ తిరుమలరావు బృందం వెలికితెచ్చింది. అవి సుమారు 1750 నాటివని అంచనా. 2014లో లిపి, తొలి ఫాంటు లోకానికి తెలిశాయి. 2018 జూన్‌లో యూనికోడ్ 11.0 గుంజాల గోండి అనే ఈ లిపికి 63 సంకేతాలు ఇచ్చింది. నోటో అనే ఫాంట్ల కుటుంబంలో దీనికి ఉచిత ఫాంటూ ఉంది. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దేశంలో దాదాపు 30 లక్షలు.

సంకేతం దొరకగానే పని అయిపోదు. మామూలుగా వాడే నిల్వ పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు చాలు, గుంజాల గోండి సంకేతానికి నాలుగు కావాలి. దానికి సిద్ధపడని పాత ప్రోగ్రాములు ఖాళీ డబ్బాలు చూపిస్తాయి. ఈ లిపిలో హల్లులు క నుంచి కాదు, య నుంచి మొదలవుతాయి. హాజరు పట్టీలో పేర్లను ఆ వరుసలో పెట్టాలంటే అదీ సిస్టమ్‌కు నేర్పాలి.

ఇక్కడే లినక్స్ మీద నాకు గురి. అందులో కీబోర్డు అమరిక అంటే ఉత్త టెక్స్ట్ ఫైలు, ఏ మీటకు ఏ అక్షరమో రాసి ఉంటుంది. ఉట్నూరులో గోండి చెప్పే టీచరు, బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థి కలిసి కూర్చుంటే తమకు నచ్చిన అమరిక రాసుకోగలరు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాన్ని లినక్స్ కీబోర్డు అమరికలను చూసుకునే ఎక్స్‌కీబోర్డ్ కాన్ఫిగ్ ప్రాజెక్టుకు పంపి, వాళ్లు ఒప్పుకుంటే, రాబోయే విడుదలల్లో డెబియన్, ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు వాడేవాళ్లందరికీ అందుతుంది. మెనూల అనువాదం ఆ తర్వాతి పని. ‘ఫైలు’ను, ‘సేవ్’ను గోండిలో ఏమనాలో గోండులే తేల్చాలి.