పాఠశాలా మండలి సభ్యుడు జిమ్మీ కార్టరు

జిమ్మీ కార్టరు పేరు చెప్పగానే మనవారికి క్యాంప్ డేవిడ్ సంధియు, ఇరానులో చిక్కుకొనిన అమెరికను బందీలును స్ఫురించుట సహజమే. కాని ఆ అమెరికా అధ్యక్షుడు ప్రజాజీవితమున మొట్టమొదట కూర్చుండిన ఆసనము జార్జియా రాష్ట్రమందలి సమ్టర్ కౌంటీ పాఠశాలా మండలిలోనిది. 1953లో తండ్రి మరణింపగా, నౌకాదళమున జలాంతర్గాముల శాఖలోని కొలువును వదలుకొని, భార్య రోజలిన్ ఎంత వలదన్నను వినక స్వగ్రామమైన ప్లెయిన్సు చేరి, వేరుశనగ విత్తనములును ఎరువులును అమ్ముకొనుచున్న కాలమున, 1955లో, ఆయన ఆ మండలిలో సభ్యుడయ్యెను. తండ్రియు లోగడ అందులో సభ్యుడుగా నుండినవాడే.

నల్లవారి పిల్లలకొక బడి, తెల్లవారి పిల్లలకొక బడి చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పి అప్పటికి ఏడాది మాత్రమే గడచెను. తెల్లపిల్లలు బస్సులెక్కి పోవుచుండగా నల్లపిల్లలు కాలినడకన బడికి పోవుచున్నారన్న సంగతి, మండలిలో చేరిన కొన్ని నెలలకుగాని తనకు తట్టలేదని ఆయనయే తరువాతి కాలమున ఒప్పుకొనెను. వర్ణభేదమును కాపాడుటకు పుట్టిన శ్వేతపౌర సంఘమువారు ఐదు డాలర్ల చందా కట్టి చేరుమనగా నిరాకరించి, వ్యాపారమున బహిష్కారమునకు సైతము గురియైన ఈ ధైర్యశాలి, మండలి సమావేశములలో మాత్రము బడుల కలయికకై గట్టిగా నోరు విప్పలేదు. రెండును ఒక్క మనిషి చేసిన పనులే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట న్యాయము కాదు.

1961 నాటికి మండలి అధ్యక్షుడైయుండి, కౌంటీ బడులను అమెరికస్ పట్టణపు బడులతో ఏకము చేయవలెనని ఆయన వాదింపగా, ఇది నల్లతెల్ల పిల్లలను ఒక్కచోట చేర్చుటకు వేసిన ఎత్తని ప్రత్యర్థులు ప్రచారము చేసిరి. ప్రజాభిప్రాయ సేకరణలో ప్రతిపాదన వీగిపోయెను. ప్లెయిన్సు గ్రామమే కాదనెను. బ్యాలట్ మీద తన పేరు లేకున్నను, ఆయన చవిచూచిన మొదటి ఓటమి ఇదియే.

చిన్న కౌంటీలకు అమితమైన పలుకుబడి నొసగుచుండిన జార్జియా పాత ఎన్నికల పద్ధతి 1962లో న్యాయస్థానముల తీర్పులచే కూలిపోగా, రాష్ట్ర సెనేటుకు కొత్త నియోజకవర్గము లేర్పడెను. అక్టోబరు 1న, తన ముప్పదియెనిమిదవ పుట్టినరోజున, కార్టరు పోటీకి నిలిచెను. డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిని తేల్చు ఎన్నిక అక్టోబరు 16ననే. ఏడు కౌంటీలలో ఒకటియైన క్విట్మన్‌లో, జార్జ్‌టౌన్ అను చిన్న పట్టణమున, జో హర్స్ట్ అను శాసనసభ్యుని మాటయే చట్టము. అతడు న్యాయస్థాన భవనమున బల్లయొద్ద నిలిచి, మరుగన్నది లేకుండ తన కన్నులయెదుటనే ఓట్లు వేయించుచు, ఎవరికి వేయవలెనో తానే చెప్పుచుండెను. ఓటు వేసినవారు 333 మంది. పెట్టెలో తేలిన ఓట్లు 420! చనిపోయినవారును ఓటు వేసిరట. నూరుమందికి పైగా ఓటర్లు తమ పేర్ల అక్షరక్రమము తప్పకుండ వరుసగా వచ్చిరట. మన పల్లెలలో దొంగ ఓట్లు చూచినవారికి ఇందు వింత లేకపోవచ్చును గాని, ఇంత శ్రద్ధగా అక్షరక్రమము పాటించిన దొంగతనము మాత్రము అరుదు.

తొలి లెక్కలో 139 ఓట్లతో ఓడిన కార్టరు ఊరుకొనలేదు. అట్లాంటా జర్నల్ విలేఖరి జాన్ పెన్నింగ్టన్ ఊరూర తిరిగి సాక్ష్యములు సేకరించి ప్రకటించెను. చార్లెస్ కిర్బో అను నెమ్మదియైన న్యాయవాది వాదన చేపట్టెను. న్యాయమూర్తియెదుట పెట్టె తెరువగా ఉండవలసిన కౌంటర్‌ఫాయిళ్లు లేకపోయెను. జార్జ్‌టౌన్ ఓట్లను త్రోసివేయగా కార్టరుదే పైచేయి యయ్యెను. నవంబరు సాధారణ ఎన్నిక ముందురాత్రి వరకు వ్యాజ్యములు సాగుచునే యుండి, చివరకు ఓటర్లు అభ్యర్థి పేరును చేతితో వ్రాయవలసివచ్చినను, గెలుపు ఆయననే వరించెను.

తరువాతి పోటీల కథ లోకమెరిగినదే. 1966లో గవర్నరు పదవికి నిలిచి పార్టీ ఎన్నికలో మూడవ స్థానమున నిలువగా, నల్లవారిని తన హోటలులో అడుగుపెట్టనీయని లెస్టర్ మాడక్సు గవర్నరయ్యెను. 1970లో కార్టరు గెలిచెను; అయితే ఆ గెలుపుకొరకు వర్ణభేదవాదుల ఓట్లను లాలించుట ఆయన చరిత్రలో చెరగని మచ్చ. పదవీస్వీకారము నాడే వర్ణవివక్షకు కాలము చెల్లినదని ప్రకటించి ఆ ఓటర్లనే నిర్ఘాంతపఱచెను. ఈ ప్రకటన ఎన్నికకు ముందు వెలువడియుండిన ఆయన గెలిచియుండునా? నాకు నమ్మకము లేదు. 1976లో 297 ఎలక్టోరల్ ఓట్లతో అధ్యక్షుడై, 1980లో అట్టి ఓట్లు 49 మాత్రమే పొంది పదవి కోల్పోయెను.

ఇన్ని పోటీలలో ఆ 1962 నాటి సెనేటు పోటీని గూర్చియే ఆయన ముప్పది యేండ్ల పిమ్మట ఒక పుస్తకము వ్రాయుట గమనింపదగినది. ఓట్ల దొంగతనముపై ఆయన పట్టుదల చల్లారలేదు. 1989 మే మాసమున పనామా ఎన్నికలలో పరిశీలకుడుగా నుండి, ఆ దేశపు సైనిక నియంత నోరియేగా మనుషులు ఓట్ల లెక్కలు తారుమారు చేయగా, మీరు నీతిపరులా దొంగలా అని అధికారులను స్పానిష్ భాషలో నిలదీసెను. ఆయన స్థాపించిన కార్టర్ సెంటర్ అది మొదలు నూటికి పైగా ఎన్నికలకు పరిశీలకులను పంపినది.