ఎనిమిది తీగల చుట్టరికం

నల్లజర్ల మెట్టలో గట్టిగా ఈదురుగాలి లేచిందంటే ఎక్కడో ఒకచోట కొబ్బరి మట్ట తీగల మీద పడక మానదు. ఇక్కడ ఫైబర్ లైను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయల ప్యాకేజీతో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ ఎంచుకున్నదీ ఆ దారే. తీగ తెగితే ఇంట్లో పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్ర దీపం వెలుగుతుంది. వెంటనే ఫోను. "నెట్ పోయిందండీ, ఎర్ర లైటొచ్చింది." అవతల నుంచి జవాబు: "ఆయ్, తోట కాడ తెగిందండీ. సాయంత్రానికి కలిపేత్తానండీ."

ఆ సాయంత్రం దాకా ఇంట్లో కుర్రాడు ఎక్స్‌బాక్స్ ఆటల కన్సోలు కట్టేసి కూర్చుంటాడు. నిజానికి అక్కర్లేదు. పక్క గదిలో కంప్యూటరుంది, అందులో దాచుకున్న సినిమాలున్నాయి. కన్సోలుకూ కంప్యూటరుకూ మధ్య దారి ఇంటి గోడ దాటి బయటికి పోదు. కొన్ని ఆటలు కంపెనీ సర్వరు గుమ్మం తొక్కందే తెరుచుకోవు, అది వేరే సంగతి. రెండు పెట్టెలు మాట్లాడుకోవడానికి మాత్రం ఇంటర్‌నెట్టుతో పనిలేదు. ఆ మాటకొస్తే వాటిని కలిపే లాన్ వైరు పుట్టిందే ఒక భవనం లోపలి అవసరం కోసం.

1973 మే 22న కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ అనే ఇంజనీరు ఈథర్‌నెట్ గురించి ఒక మెమో రాశాడు. అక్కడ ఆల్టో అనే కంప్యూటర్లు తయారవుతున్నాయి, లేజర్ ప్రింటరూ తయారవుతోంది. అన్నిటినీ కలపాలి. హవాయి ద్వీపాల కంప్యూటర్లను రేడియోతో కలిపిన అలోహా వ్యవస్థ గురించి మెట్‌కాఫ్ అప్పటికే చదివాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి అదే సూత్రాన్ని ఒక కోయాక్సియల్ కేబుల్‌లోకి దించాడు. వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. అందులో పెత్తనం చేసే యంత్రమంటూ ఏదీ లేదు. రచ్చబండ దగ్గర ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరూ ఆగి, కాసేపటికి ఎవరో ఒకరు మళ్లీ అందుకుంటారే, అంతే. ఎంతసేపు ఆగాలన్నది ఏ యంత్రానికి ఆ యంత్రం యాదృచ్ఛికంగా తేల్చుకుంటుంది. సందేశాలు మళ్లీ గుద్దుకుంటే సగటున ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది.

తర్వాత వచ్చిన సన్న కోయాక్సియల్ కేబుల్‌తో ఒక చిక్కుండేది. ఒక్క జాయింటు వదులైతే మొత్తం ఆఫీసు చతికిలబడేది. దాన్ని వదిలించింది పాత టెలిఫోను కిటుకు. రెండు తీగలను మెలివేస్తే బయటి రొద రెండిటి మీదా సమానంగా పడి, తేడా చూసేసరికి కొట్టుకుపోతుందని గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. 1990లో ఈథర్‌నెట్ ఈ మెలి తీగల మీదకు అధికారికంగా మారింది. అదే ఏడాది కల్పన అనే కంపెనీ ఏడు పోర్టుల స్విచ్చు తెచ్చింది. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరు పెట్టిన కంపెనీ అది. స్విచ్చు వచ్చాక ఎవరి దారి వారిదే, ఆగి వంతు చూసుకునే పని తప్పింది. ఇప్పుడు మన ఇంట్లో ఫైబర్ పెట్టె వెనక వరసగా ఉండే లాన్ పోర్టులు ఆ స్విచ్చుకు బుల్లి వారసులే.

ఇప్పుడు వైరు కొస ఒలిచి చూద్దాం. నాలుగు జంటలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ప్రతి రంగుకూ తెల్ల చార తీగ ఒకటి తోడు. జంట జంటకూ మెలిక బిగువు వేరుగా ఉంటుంది, ఒకదాని రొద ఇంకోదానికి అంటకుండా. క్రింపింగ్ చేసేటప్పుడు, అంటే కొసకు ప్లగ్గు బిగించేటప్పుడు, దాని కాళ్లలో ఒకటీ రెండూ నారింజ జంట, మూడూ ఆరూ ఆకుపచ్చ జంట. వాటి మధ్య నాలుగూ ఐదూ నీలం. ఆకుపచ్చ జంటను అలా విడదీసి పెట్టడం చాలామందికి అర్థంలేని పనిలా కనిపిస్తుంది. రంగులన్నీ జంటలుగా పక్కపక్కన పేర్చి బిగించేస్తారు. టెస్టరు పెడితే ఎనిమిది దీపాలూ చక్కగా వెలుగుతాయి. కానీ మూడో కాలికి తెల్ల-ఆకుపచ్చ, ఆరో కాలికి నీలం వెళ్లాయి. అవి ఒకదానితో ఒకటి మెలిపడిన తీగలు కావు. మూరెడు వైరైతే నెట్టుకొస్తుంది. మేడ మీద గదికి లాగిన వైరైతే లింకు వస్తూ పోతూ ప్రాణం తీస్తుంది. నేను చూసినంతలో టెస్టరు చెప్పే అబద్ధాల్లో ఇదే పెద్దది.

ఇంకోటి ఉంది. 100 మెగాబిట్ల వేగానికి నారింజ, ఆకుపచ్చ జంటలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. గోధుమ తీగ తెగితే చాలా కార్డులు చడీచప్పుడు లేకుండా 100కు దిగిపోతాయి. కంప్యూటరులో లింకు వేగం ఎంతని చూపిస్తోందో చూస్తే గుట్టు తెలుస్తుంది.

పిడుగుల కాలంలో మరో తంటా. ఫైబర్ గాజు కాబట్టి కరెంటు మోసుకురాదు. వచ్చేది అడాప్టరు ప్లగ్గు ద్వారానో, ఈ డాబా మీంచి ఆ డాబాకు గాల్లో లాగిన లాన్ వైరు ద్వారానో. ప్రతి లాన్ పోర్టు లోపలా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి, 1500 వోల్టుల దాకా అడ్డుకోవాలని ప్రమాణం. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగలో పుట్టే వోల్టేజీ ముందు అదెంత? కన్సోల్ మామూలుగానే ఆన్ అవుతుంది, ఆట ఆడుతుంది, లాన్ పోర్టు ఒక్కటే చస్తుంది. వైరు మార్చినా దీపం వెలగకపోతే ఇక వైఫై మీద పడాల్సిందే.

మైక్రోసాఫ్ట్ 2001 నవంబరు 15న మొదటి ఎక్స్‌బాక్స్ అమ్మినప్పుడే ప్రతి పెట్టెకూ ఈథర్‌నెట్ పోర్టు పెట్టింది. ఆన్‌లైన్ సేవ ఏడాది తర్వాత గానీ రాలేదు. ఆ ఏడాదంతా జనం నాలుగు కన్సోళ్లను వైర్లతో కలిపి, హేలో ఆటలో పదహారు మంది ఒకేసారి కాల్చుకున్నారు, ఇంటర్‌నెట్ ఊసే లేకుండా. అప్పట్లో రెండు యంత్రాలను నేరుగా కలపాలంటే పంపే జంట, అందుకునే జంట తారుమారు చేసిన క్రాసోవర్ వైరు కావాలి. హెచ్‌పీ ఇంజనీర్లు కనిపెట్టిన ఆటో ఎండీఐ-ఎక్స్ వచ్చాక పోర్టే ఆ తారుమారు చూసుకుంటోంది.

వైరు బాగుంది, దీపం మిణుకుతోంది, అయినా కన్సోలుకు కంప్యూటరు కనపడదు. అప్పుడు చూడాల్సింది ఐపీ అడ్రసు. 169.254తో మొదలైందంటే దానికి అడ్రసిచ్చే నాథుడు దొరక్క తనే ఒకటి పెట్టుకుందని అర్థం. రెండిటికీ అలాంటిదే ఉంటే పర్వాలేదు, మాట్లాడుకుంటాయి. ఒకదానికి 192.168, ఇంకోదానికి 169.254 ఉంటే ఒకే వైరుకు అటూ ఇటూ ఉన్నా పరాయివాళ్లే. వైఫైని కంప్యూటరులో పట్టి వైరుతో కన్సోలుకు పంచే హాస్టల్ కుర్రాళ్లకు 192.168.137.1 బాగా తెలుసు. ఇప్పటి విండోస్ ఆ పంపకానికి తనకు తాను పెట్టుకునే అడ్రసు అది.

ఈమధ్య ఇళ్లలో ఎక్కువగా కనపడేది మాత్రం రెండు రూటర్ల గొడవ. ఫైబర్ వాళ్లిచ్చిన పెట్టె హాల్లో ఉంటుంది. లోపలి గదికి సిగ్నల్ చాలడం లేదని తాడేపల్లిగూడెం వెళ్లి ఇంకో రూటరు కొనుక్కొస్తారు. దానికి వేరే రంగులో ఒక పోర్టుంటుంది, వాన్ అని. వైరు అందులో గుచ్చుతారు. నెట్ వస్తుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ఇప్పుడు ఇంట్లో రెండు ఊళ్లు వెలిశాయి. హాల్లో కంప్యూటరు అడ్రసు 192.168.1తో, లోపల కన్సోల్ అడ్రసు 192.168.0తో మొదలవుతాయి. 1994లో అడ్రసుల కరువు తీర్చడానికి రాసిన నాట్ విధానం ప్రకారం రెండో రూటరు తన లోపలి వాళ్లందరినీ ఒక్క అడ్రసు వెనక దాచేస్తుంది. "ఇక్కడెవరైనా ఉన్నారా" అని కంప్యూటరు వేసే కేక ఆ రూటరు దాకా వచ్చి ఆగిపోతుంది. మందు తేలికే: రెండో రూటరును యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి. ఆ సదుపాయం లేకపోతే దాని సొంత అడ్రసును మొదటి పెట్టె అడ్రసుతో కలవకుండా మార్చి, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, వైరు తీసి మామూలు లాన్ పోర్టులో పెట్టాలి.

ఇదంతా అయ్యాక విండోస్‌లో ఆ నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందో ప్రైవేట్ అని ఉందో చూడాలి. పబ్లిక్ అంటే బస్టాండు వైఫైలో ఉన్నట్టు లెక్కేసుకుని కంప్యూటరు పక్క యంత్రాల నుంచి దాక్కుంటుంది. ఇంట్లో ప్రైవేట్ పెట్టుకోవచ్చు.

ఇన్ని చేసినా అన్న ఎక్స్‌బాక్స్‌లో, చెల్లెలు కంప్యూటరులో మైన్‌క్రాఫ్ట్ తెరిస్తే ఒకరికొకరు కనపడకపోవచ్చు. అప్పుడు వైరును, లైను అబ్బాయిని తిట్టి లాభం లేదు. సత్య నాదెళ్ల పగ్గాలు పట్టిన 2014లోనే మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొన్న ఈ ఆటకు రెండు రూపాలున్నాయి. కన్సోల్‌లో ఆడేది బెడ్‌రాక్. కంప్యూటరులో జావా రూపం తెరిచారేమో చూడండి, ఆ రెండూ ఒకే ఆటలో కలవవు. చెల్లెలు కూడా బెడ్‌రాక్ తెరవాలి.