క్షయక్రిమి కపటోపాయాలు

సిద్ధగోరాలో మన తెలుగువారు నలుగురు కలిసిన చోట, ఎవరికైనా క్షయ సోకిందన్న వార్త రాగానే ఒక ప్రశ్న వినిపిస్తుంది: "పుష్టిగా తిని, షిఫ్టు తప్పకుండా పనిచేసే మనిషికి ఈ జబ్బు ఎలా వచ్చింది?" ఆ ప్రశ్న వెనుక రోగిని శంకించే చూపు కూడా దాగి ఉంటుంది. ఆ శంకను తొలగించడానికే మేము ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ క్షయక్రిమిని కనుగొన్నట్లు 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించారు. అది బలహీనులను మాత్రమే పట్టే క్రిమి కాదనీ, మన శరీర రక్షణనే మభ్యపెట్టగల జిత్తులమారి అనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి.

మన దేహాన్ని ఒక కర్మాగారంగా భావిద్దాం. శ్వాసతో ఊపిరితిత్తులలో ప్రవేశించిన క్రిమిని గేటు వద్ద పట్టుకొనే కాపలాదారులు భక్షక కణాలు. అవి క్రిమిని మింగి, దాని తునకలను తమ ఉపరితలంపై ప్రదర్శిస్తాయి. ఆ ఆనవాళ్ళను గుర్తించేవి టి కణాలు. థైమస్ గ్రంథిలో పరిణతి చెందడం వలన వాటికి ఆ పేరు వచ్చింది. ఇవి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని విడుదల చేయగా, దాని ప్రేరణతో భక్షక కణాలు లోపలి క్రిములను హతమార్చగల శక్తిని పొందుతాయి.

క్షయక్రిమి ఈ వరుసను పలుచోట్ల తెంపుతుంది. భక్షక కణంలో జీర్ణరసాల సంచి తన దరికి చేరకుండా అడ్డుకొని, అక్కడే కాపురం పెడుతుంది. టి కణాలకు కబురు చేరడాన్ని రోజుల తరబడి ఆలస్యం చేస్తుంది.

ఈ విషయంలో మన హైదరాబాదు పరిశోధనలు ఎన్నదగినవి. అక్కడి సి.డి.ఎఫ్.డి. సంస్థలో డాక్టర్ సంగీతా ముఖోపాధ్యాయ బృందం, క్రిమిలోని పి.పి.ఇ.18 అనే ప్రోటీను భక్షక కణంపైని గ్రాహకానికి అతుక్కొని ఇంటర్‌ల్యూకిన్-10ను పుట్టిస్తుందని 2009లో వెల్లడించింది. ఇది 'అంతా క్షేమం' అనే దొంగ సైరను వంటిది. దానితో టి కణాల ఉద్ధృతి చల్లారుతుంది. క్రిమి తునకలను ప్రదర్శించే పీఠంలో ఒక ముఖ్యభాగాన్ని ఇసాట్-6 అనే మరొక ప్రోటీను పట్టివేసి, ఆ ప్రదర్శననే కుంటుపరుస్తుందని 2014లో అదే సంస్థ పరిశోధకులు చూపారు.

అయినా ధైర్యం వీడనక్కరలేదు. క్రిమి దేహంలో చేరినవారిలో జీవితకాలంలో జబ్బు పడేవారు నూటికి 5 నుండి 10 మంది మాత్రమే. మిగిలినవారిలో టి కణాలే పైచేయి సాధిస్తాయి. హెచ్.ఐ.వి., మధుమేహం, పొగాకు, పోషకాహార లోపం ఆ బలాన్ని తగ్గిస్తాయి. సిలికా ధూళి భక్షక కణాలనే దెబ్బతీస్తుంది గనుక, దుమ్ములో పనిచేసే సోదరులు ముఖరక్షణను నిర్లక్ష్యం చేయరాదు.

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే కఫపరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన క్రింద రోగికి పోషకాహారం కొరకు ఇచ్చే మొత్తాన్ని 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు పెంచారు.

సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టగానే పలువురు మందు మానివేస్తారు. నిద్రాణంగా మిగిలిన క్రిములకు కావలసింది అదే. అవి తిరగబడితే మందులకు లొంగని రూపు దాల్చవచ్చు. కనుక ఇంట్లో రోగి ఉన్నప్పుడు గృహిణులు, పిల్లలు కూడా మందు వేళను గుర్తుచేయాలి.

క్షయ రావడం రోగి తప్పు కాదు. కపటి అయిన శత్రువుతో పోరాడుతున్న మనిషికి మనం ఇవ్వవలసినది తోడు, శంక కాదు.