మీకు తెలుసా? బుడ్డల రుచి పసితనంలోనే!

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వేరుశనగను బుడ్డలంటారు. పసిబిడ్డకు పడవేమోనన్న భయంతో వీటిని ఏళ్ల తరబడి దూరం పెట్టే తల్లిదండ్రులున్నారు. పరిశోధన చెప్పింది మాత్రం వేరు.

బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ, ఇజ్రాయెల్ పిల్లల కంటే దాదాపు 10 రెట్లు ఎక్కువని లండన్ వైద్యుడు గిడియన్ లాక్ బృందం 2008లో గుర్తించింది. ఇజ్రాయెల్‌లో పాలపళ్ల వయసులోనే వేరుశనగ చిరుతిండి మొదలవుతుంది! ఆ తేడానే పట్టుకుని, తీవ్రమైన ఎగ్జిమా (దురద పెట్టే చర్మవ్యాధి) గానీ గుడ్డు అలర్జీగానీ ఉన్న 640 మంది పసివాళ్లపై అధ్యయనం చేశారు. 2015లో ఫలితం వచ్చింది: వేరుశనగను దూరం పెట్టిన పిల్లలతో పోలిస్తే, అయిదేళ్లు వచ్చేదాకా క్రమం తప్పకుండా తిన్న పిల్లల్లో ఆ అలర్జీ 81 శాతం తక్కువ. ఎంత ఊరట!

ఆరు నెలలు నిండి ఘనాహారం మొదలయ్యాక, ఉప్పూ కారం లేని మెత్తని బుడ్డల పొడిని మెత్తటి అన్నంలో కొద్దికొద్దిగా కలిపి పెట్టవచ్చు. గింజలు మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ఎగ్జిమా ఎక్కువగా ఉన్న బిడ్డకైతే ముందు పిల్లల డాక్టరును అడగాలి.