పుల్లీ మార్పు - హార్స్ పవర్ అంచనా

బెల్టుతో తిరుగు యంత్రమునకు ఉన్న పుల్లీని తీసి, వేరొక వ్యాసము గల పుల్లీని బిగించి వేగమును మార్చుటను పుల్లీ మార్పు అందురు. దాని వలన శక్తిలో వచ్చు తేడాను హార్స్ పవర్లలో లెక్కింతురు. ఒక హార్స్ పవర్ 746 వాట్లకు సమానము.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములు కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉన్నవి. శివారు భూములకు కాలువ నీరు అందనపుడు రైతులు మురుగు కాలువల నుండి ఆయిలు ఇంజన్లతో నీరు తోడుదురు. పంపుకు చిన్న పుల్లీ వేసినచో నీరు ఎక్కువ వచ్చును. ఆ మాట నిజమే గాని, ఇంజను శక్తి అందువలన పెరగదు. పంపు అడుగు శక్తి మాత్రమే పెరుగును.

== పంపు లెక్క ==
ఇంజను పుల్లీ వ్యాసమును ఇంజను వేగముతో గుణించి, పంపు పుల్లీ వ్యాసముతో భాగించినచో పంపు వేగము తెలియును. ఇంజను నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచు, రెండు పుల్లీలును 6 అంగుళములవి అయినచో పంపు వేగమును 1500. పంపుకు 5 అంగుళముల పుల్లీ వేసినచో అది 1800 అగును, అనగా 1.2 రెట్లు. బెల్టు జారుట వలన వాస్తవ వేగము కొంత తగ్గును.

సెంట్రిఫ్యూగల్ పంపులో నీటి పరిమాణము వేగమును బట్టి, పీడనము వేగము యొక్క వర్గమును బట్టి, కావలసిన శక్తి ఘనమును బట్టి పెరుగును. కనుక నీరు సుమారు 20 శాతము పెరుగగా శక్తి 1.728 రెట్లగును. 3.5 హార్స్ పవర్ తీసుకొను పంపు 6 హార్స్ పవర్ పైగా కోరును. 5 హార్స్ పవర్ ఇంజను దానిని లాగలేక నల్లని పొగ విడుచుచు వేడెక్కును. విద్యుత్ మోటారైనచో వైండింగు కాలిపోవును. కొత్త పుల్లీ ధర కంటె ఆ మరమ్మతు ఖర్చు చాలా ఎక్కువ. గొట్టములలో రాపిడి కంటె నీరు ఎక్కవలసిన ఎత్తే ముఖ్యమైన చోట ఈ లెక్క ఉజ్జాయింపు మాత్రమే. శక్తి ఇంతకు మించియు కావలసి రావచ్చును.

బియ్యపు మిల్లులలో ఊకను ఎగురగొట్టు ఫ్యానుకు కూడ ఘన నియమమే వర్తించును. బరువు ఎత్తు ఎలివేటరు వంటి వాటిలో మాత్రము శక్తి దాదాపు వేగముతో సమముగా పెరుగును.

== సూపర్‌ఛార్జరు ==
పుల్లీ మార్పుతో ఇంజను శక్తియే పెరుగు సందర్భము కూడ ఒకటి కలదు. కొన్ని కార్లలో ఇంజనులోనికి గాలిని వత్తిడితో పంపు సూపర్‌ఛార్జరు బెల్టుతో తిరుగును. దాని పుల్లీ చిన్నదైనచో గాలి ఎక్కువగా చేరి, తగిన ఇంధనము ఇచ్చినపుడు శక్తి హెచ్చును. అంచనాకు మీటరు చూపు వత్తిడిని మాత్రమే తీసుకొనరాదు, వాతావరణ పీడనమును కలుపవలెను. చదరపు అంగుళమునకు 8 పౌండ్ల వత్తిడి 10 అయినచో, 24.7ను 22.7తో భాగింపగా 1.088 వచ్చును. 300 హార్స్ పవర్ ఇంజను కాగితము మీద 326 అగును. గాలి వేడెక్కుట వలనను, సూపర్‌ఛార్జరును తిప్పుటకు ఇంజనే అదనపు శక్తి ఇయ్యవలసి వచ్చుట వలనను నికర లాభము ఇంతకు తక్కువగనే ఉండును. ఇందులో 14.7 అను సంఖ్య రేపల్లె వంటి సముద్రతీర ప్రాంతములకు సరిపోవును. బెంగుళూరు ఎత్తున సుమారు 13.2 తీసుకొనవలెను.